పాత జిల్లా పేరుతో వెతికితే దొరికిన తాకట్టు

మా అప్ప, బావ గత ఏడాది రాజాంలో ఒక పాత డాబా ఇల్లు కొనాలనుకున్నారు. ఊళ్లో పొలం అమ్మగా వచ్చిన డబ్బుకు బావ పీఎఫ్ నుంచి తీసిన మొత్తాన్నీ, అప్ప పాడిన చీటీ డబ్బునూ కలిపి, బేరం కుదుర్చుకుని, బయానా ఇవ్వడానికి మంచిరోజు కూడా చూసుకున్న తరువాత, కాగితాలు ఒకసారి చూడమని నాకు పంపించారు. నేను విజయనగరంలో వ్యాపారుల లెక్కలు రాసే ఆఫీసులో పని చేస్తాను. బ్యాంకు రుణాల కాగితాలు రోజూ నా చేతి మీదుగా పోతుంటాయి. అందువల్ల ఇంట్లో ఎవరు ఏది కొన్నా ఆ కట్ట ముందు నా బల్ల మీదికి వస్తుంది.

ఆ కట్టలో ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరు అయిన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, ఉంది. అమ్మేవారు తమ పేరున కొన్న దస్తావేజు, అంతకు ముందరి లింకు దస్తావేజు తప్ప అందులో మరే లావాదేవీ లేదు. ఇంటి పన్ను రసీదులు సరిగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు: ఉన్న దస్తావేజులన్నీ జిరాక్సు కాపీలే. అసలు కాగితాలు విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉన్నాయని, రిజిస్ట్రేషన్ రోజుకు తెప్పిస్తానని ఆ ఇంటాయన చెప్పారట. నేను ఇంకా చూడాలన్నప్పుడు అప్పకు కొంచెం విసుగు వచ్చింది. "ఏటి తమ్ముడా, ఈసీ తెల్లగా వచ్చింది గదా, ఇంకా ఏటి వెతుకుతావు?" అంది. మన ప్రాంతంలో ఇల్లు కొనేవారిలో ఎక్కువమంది మనసులో ఉండే మాట ఇదే కనుక, దానికి ఆ రోజు ఫోనులో చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈసీ అనేది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు అయిన దస్తావేజుల జాబితా మాత్రమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద అక్కడ ఒకటో పుస్తకమూ, దానికి పేర్ల వారీగా ఒక సూచికా, ఆస్తుల వారీగా మరొక సూచికా ఉంటాయి. నిర్ణీత రుసుము కట్టిన ఎవరైనా వాటిని చూడవచ్చునని అదే చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో 1983 నుంచి ఉన్న వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయి కాబట్టి ఇప్పుడు ఆ పనిని ఇంట్లో కూర్చుని చేసుకోగలుగుతున్నాము. అయితే రిజిస్టరు కాని లావాదేవీ ఆ పుస్తకంలోకి రాదు; పుస్తకంలోకి రానిది ఈసీలోకి ఎలా వస్తుంది?

రిజిస్టరు కాకుండానే చెల్లుబాటయ్యే తాకట్టు ఒకటి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో దానికి చోటు కల్పించారు. అప్పు తీసుకునే మనిషి, ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో, తన ఆస్తి అసలు దస్తావేజులను హామీగా ఉంచే ఉద్దేశంతో అప్పు ఇచ్చేవారి చేతికి అప్పగిస్తే చాలు, తాకట్టు ఏర్పడినట్లే. ఆస్తి ఆ పట్టణంలోనే ఉండాలన్న నియమం కూడా లేదు. కాగితాలు చేతులు మారిన చోటు ముఖ్యం. ఆ అప్పగింత గురించి రాసుకున్న మెమొరాండాన్ని బ్యాంకు రిజిస్టరు చేయిస్తే అది ఈసీలో కనిపిస్తుంది. చేయించకపోతే కనిపించదు. బీరువాలో దస్తావేజులు లేకపోవడం ఒక్కటే ఆ తాకట్టుకు బయటికి కనిపించే గుర్తు, అందుకే జిరాక్సు కాపీలు చూసినప్పుడు నా మనసు ఒప్పుకోలేదు.

ఒకే ఇంటి కాగితాలకు రంగు నకళ్లు సృష్టించి, రెండు మూడు బ్యాంకుల్లో అప్పులు తీసుకున్న మోసాలు పెరిగిన తరువాత, ఈ లోటును పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వం 2002 నాటి సర్ఫేసీ చట్టం (బ్యాంకులు మొండి బాకీల తాకట్టు ఆస్తులను స్వాధీనం చేసుకునే చట్టం) కింద ఒక కేంద్ర రిజిస్ట్రీని ఏర్పాటు చేసింది. దానినే సెర్సాయ్ అంటున్నాము. అది 2011 మార్చి 31న పని మొదలుపెట్టింది. తొలుత ప్రధానంగా దస్తావేజుల అప్పగింతతో ఏర్పడే తాకట్టుల కోసం ఉద్దేశించినా, 2016లో యంత్రాలు, సరుకు, రావలసిన బాకీల మీద ఇచ్చే హైపోతికేషన్ (ఆస్తిని తన దగ్గరే ఉంచుకుని అప్పుకు హామీగా చూపడం) వంటివి కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 2020 జనవరి 24 నుంచి అమలులోకి వచ్చిన సెక్షన్లు దానికి నిజమైన బలాన్ని ఇచ్చాయి: అక్కడ నమోదు చేయని రుణదాత ఆ చట్టం కింద ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారాన్ని వాడుకోలేడు, నమోదు చేసినదాన్ని మాత్రం అందరికీ తెలియజేసిన బహిరంగ ప్రకటనగా చట్టం భావిస్తుంది. ఈ రెండో మాట కొనుగోలుదారు తలలో బాగా నాటుకోవాలి. "నాకు తెలియదు" అని తరువాత చెప్పుకోవడానికి అది దాదాపు దారి లేకుండా చేస్తుంది, ఎందుకంటే తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక్కో వెతుకులాటకు పది రూపాయలు, దాని మీద పన్ను.

ఆ రాత్రి భోజనాలయ్యాక వెతకడానికి కూర్చున్నాను. ఆ వెబ్‌సైటులో ప్రజల కోసం ఉంచిన వెతుకులాట రెండు విధాలుగా సాగుతుంది: ఆస్తి వివరాలతో ఒకటి, అప్పు తీసుకున్నవారి వివరాలతో మరొకటి. నేను ముందు ఆస్తితో మొదలుపెట్టాను. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా విజయనగరం, ఊరు రాజాం అని నింపి, సర్వే నంబరు, ఇంటి నంబరు వేసి, డబ్బు కట్టాను. ఏమీ దొరకలేదు. ఆ మాట అప్పకు ఫోను చేసి చెబుదామని నంబరు కూడా నొక్కబోయాను, కాని బల్ల మీద తెరిచి ఉన్న పాత ఇంటి పన్ను రసీదు మీద చూపు పడింది. అందులో ఊరి పేరు కింద "శ్రీకాకుళం జిల్లా" అని అచ్చు ఉంది.

2022 ఏప్రిల్ 4 వరకు రాజాం శ్రీకాకుళం జిల్లాలోదే. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం, దాని చుట్టుపక్కల మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి. అప్పటికి ముందే ఎవరైనా ఆ ఇంటి మీద అప్పు ఇచ్చి ఉంటే, ఆ బ్యాంకు గుమాస్తా జిల్లా గడిలో శ్రీకాకుళం అనే ఎంచుకుని ఉంటాడు. జిల్లా మారిన రోజున వెనక్కి వెళ్లి ఆ నమోదులన్నిటినీ దిద్దే పని ఎవరు పెట్టుకుంటారు? నేను మళ్లీ పది రూపాయలు కట్టి, జిల్లా పేరు ఒక్కటే మార్చి, మిగిలిన వివరాలను ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి వెతికాను.

ఈసారి ఒక వరుస వచ్చింది. 2017లో ఏర్పడిన తాకట్టు. అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు, ఆస్తి వివరాలు, నమోదు తేదీ అన్నీ ఉన్నాయి. తీరిపోయినట్లు ఎక్కడా లేదు. నివేదికను దించుకుని సర్వే నంబరును, హద్దులను దస్తావేజుతో అక్షరం అక్షరం పోల్చి చూశాను. అదే ఇల్లు. బయానా ఇవ్వడానికి అప్పటికి ఇంకా నాలుగు రోజులు ఉంది. పది రూపాయల వ్యత్యాసంతో మా అప్ప కుటుంబం ఇరవై ఏళ్ల కష్టం ఎంత అంచు మీద నిలబడి ఉందో తలచుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ అనుభవం తరువాత, మన రెండు జిల్లాల ఆస్తుల కోసం వెతికేటప్పుడు పేర్ల విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో నాకు పూర్తిగా అర్థమైంది. మన ప్రాంతపు సరిహద్దులు ఒక్కసారి మారలేదు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకు ముందు విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలోనూ, సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనూ ఉండేవి. 2022లో సాలూరు, పార్వతీపురం, పాలకొండ కలిసి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అంటే సాలూరులోని ఒక ఇంటి లింకు దస్తావేజులను వరుసగా పేర్చితే మూడు జిల్లాల పేర్లు కనిపించవచ్చు. పాలకొండ ఇంటికి శ్రీకాకుళం పేరుతోనూ, మన్యం పేరుతోనూ రెండుసార్లు వెతకాలి. పిన్‌కోడులు మాత్రం జిల్లాలతో పాటు మారలేదు. రాజాంకు నేటికీ శ్రీకాకుళం వైపు ఉండే 532 వరుసలోని నంబరే ఉంది. జిల్లా సంగతి ఎటూ తేలనప్పుడు పిన్‌కోడు పట్టుకోవడం మేలు.

ఇక ఇంగ్లీషు అక్షరాల సంగతి. విజయనగరాన్ని ఒకరు జెడ్ అక్షరంతో, మరొకరు జె అక్షరంతో రాస్తారు. ఆ జెడ్‌తో రాసేవారిలో కూడా చివర ఒక ఎ తగ్గించేవారు ఉన్నారు. శ్రీకాకుళం బ్రిటిషు వారి కాలపు కాగితాల్లో చికాకోల్‌గా కనిపిస్తుంది. ఆ పేరు ఈనాటి నమోదులోకి రాకపోయినా పాత దస్తావేజు చదివేటప్పుడు తెలిసి ఉండాలి. మనుషుల పేర్లతో వెతికేటప్పుడు ఈ కష్టం రెట్టింపు అవుతుంది. అప్పలనాయుడు అనే పేరును ఇంగ్లీషులో ఒకే మాటగా రాసేవారు, రెండు మాటలుగా విడదీసేవారు, నాయుడు చివర ఉకారానికి ఒక అక్షరం వాడేవారు, రెండు వాడేవారు ఉన్నారు. ఇంటిపేరు ముందు వస్తుందా వెనక వస్తుందా, పూర్తిగా రాశారా పొడి అక్షరంతో సరిపెట్టారా అన్నది ఆ రోజు కౌంటరులో కూర్చున్నవారి ఇష్టం. సూర్యనారాయణ, సత్యనారాయణ వంటి పేర్లలో ఒక్కో ఊళ్లో వందలమంది ఉంటారు కనుక, పేరు దొరికినంత మాత్రాన మనిషి దొరికినట్లు కాదు. అమ్మేవారి పాన్ నంబరు తీసుకోగలిగితే ఆ గందరగోళం చాలావరకు తగ్గుతుంది. దస్తావేజులో ఎలాగూ రాయవలసిన నంబరే కనుక ముందే అడగడానికి మొహమాట పడనవసరం లేదు.

పేరు తప్పితే ఆ నష్టం ఎవరిదన్న విషయంలో అమెరికా పద్ధతి వేరు. అక్కడ కదిలే ఆస్తుల మీద ఇచ్చే అప్పులను రాష్ట్రాల వారీగా, అప్పు తీసుకున్నవారి పేరు కింద నమోదు చేస్తారు. ఒక నమోదు సాధారణంగా ఐదేళ్లు నిలుస్తుంది. గడువు లోపల పొడిగించుకోవాలి. పేరును తప్పుగా రాసినందువల్ల, సరైన పేరుతో ఆ కార్యాలయపు పద్ధతిలో వెతికినవారికి అది కనిపించకపోతే, ఆ నమోదు చెల్లదు. అప్పు ఇచ్చినవాడు పేరు సరిగా రాయాలి, లేకపోతే ఆ నష్టం అతనిదే. మన దగ్గర ఆచరణలో ఆ భారం వెతికేవారి మీదే పడుతోంది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కనీసం జిల్లాలు మారినప్పుడైనా పాత పేరుతో ఉన్న నమోదులు కొత్త పేరుతో వెతికినా కనిపించే ఏర్పాటు ఉండాలి.

రాజాం ఇంటి సంగతికి వస్తాను. మరునాడు బావ, నేను కలిసి ఆ ఇంటాయన దగ్గరికి వెళ్లాము. నివేదికను ఆయన ముందు ఉంచి, "బాబూ, ఈ అప్పు సంగతి మాకు చెప్పలేదేమి?" అని బావ నెమ్మదిగా అడిగారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు చదువు కోసం అప్పు చేశానని, మేము ఇచ్చే బయానాతో తీర్చేసి కాగితాలు తెద్దామనుకున్నానని చివరికి చెప్పారు. ఆయన మోసగాడని నేను అనుకోవడం లేదు. కాని ఆ బయానా డబ్బు దారిలో మరే అవసరానికి ఖర్చయినా మా వాళ్ల చేతిలో మిగిలేది ఒక ఒప్పంద పత్రమూ, బ్యాంకు తాకట్టులో ఉన్న ఇల్లూ మాత్రమే. అప్పు దాచడం తప్పే, ఉద్దేశం ఏదైనా సరే.

బేరం వదులుకోలేదు. బ్యాంకు నుంచి ఆ తేదీకి తీర్చవలసిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించాము. బావ ఆ మొత్తాన్ని ఆయన చేతికి కాక, అప్పు ఖాతాకే నేరుగా డీడీ ద్వారా చెల్లించారు. ఆ చెల్లింపును ధరలో భాగంగా ఒప్పందంలో రాయించాము. బకాయి లేదన్న ఉత్తరం, అసలు దస్తావేజులు మా కళ్ల ముందు బయటికి వచ్చాయి. అయినా రిజిస్ట్రేషనుకు నేను తొందరపడనివ్వలేదు. అప్పు తీరిన తరువాత 30 రోజుల లోపల ఆ సంగతిని బ్యాంకు కేంద్ర రిజిస్ట్రీకి తెలియజేయాలి కనుక, కొన్ని రోజులు ఆగి మళ్లీ వెతికాను. తాకట్టు తీరినట్లు కనిపించిన మరుసటి వారం రిజిస్ట్రేషన్ జరిగింది.

అన్ని ఆస్తుల అప్పులూ ఒకే చోట దొరకవని కూడా ఇక్కడే చెప్పాలి. వ్యవసాయ భూమి మీద ఏర్పడిన హామీకి సర్ఫేసీ చట్టం వర్తించదు. పొలం కొనేవారు మీభూమి వెబ్‌సైటులో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీసి చూడాలి, బ్యాంకు చార్జి, అంటే అప్పుకు హామీగా బ్యాంకుకు ఉన్న హక్కు, ఎక్కించి ఉందేమో గమనించాలి, తరువాత ఆ ఊరి బ్యాంకు శాఖలోనూ, సహకార సంఘంలోనూ మనిషిని పంపి అడిగించాలి. సాలూరు వైపు లారీ కొనేవారికి ఈ విషయం నేను చెప్పనవసరం లేదు. ఆర్సీ మీద హైపోతికేషన్ ఉందా అన్నది వారు టైర్ల కంటే ముందు చూస్తారు.

కంపెనీల పద్ధతి వేరు. కంపెనీ తన ఆస్తి మీద చార్జి ఏర్పరిస్తే 2013 నాటి కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ఆ చార్జీల పట్టికను కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో రుసుము లేకుండా చూడవచ్చు. పలాసలో ఒకే యజమాని నడిపే జీడిపప్పు యూనిట్ ఆ పట్టికలో ఉండదు, ఎందుకంటే అది కంపెనీ కాదు. ఆ యూనిట్ బాయిలర్ మీద, గోదాములోని జీడి పిక్కల నిల్వ మీద బ్యాంకుకు హక్కు ఉందో లేదో తెలుసుకోవాలంటే సెర్సాయ్‌లో యజమాని వివరాలతో వెతకాలి. అప్పు మీద సరుకు ఇచ్చే వ్యాపారులు ఈ పని చేయకపోవడం నేను మా ఆఫీసులో తరచుగా చూస్తున్నాను. గోదాము నిండుగా ఉందని నమ్మి సరుకు ఇస్తారు. ఆ నిండుదనం మీద ముందే మరొకరికి హక్కు ఉందన్న సంగతి బాకీ ఆగిపోయిన తరువాత తెలుస్తుంది.

వీటిలో దేనిలోనూ కనిపించని అప్పులు ఉన్నాయి. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర దస్తావేజు పెట్టి, నోటు రాసి తెచ్చుకున్న డబ్బు ఏ వెబ్‌సైటులోనూ ఉండదు. అందుకే అసలు కాగితాలను కంటితో చూడకుండా బయానా ఇవ్వవద్దన్న పెద్దల అలవాటు ఇన్ని వెబ్‌సైట్లు వచ్చిన తరువాత కూడా పక్కకు పోలేదు.

అప్ప గృహప్రవేశం నుంచి తిరిగి వచ్చిన మరునాడు నాకు ఒక ఆలోచన వచ్చింది. శ్రీకాకుళంలో మా అమ్మ ఉంటున్న ఇంటి మీద నాన్న తీసుకున్న అప్పు 2019లో పూర్తిగా తీరిపోయింది. కాగితాలు అప్పుడే తెచ్చుకున్నాము. ఆ ఇంటి వివరాలతో వెతికాను. తాకట్టు ఇంకా నిలిచి ఉన్నట్లే నివేదిక వచ్చింది. నాన్న వాయిదా తప్పకుండా కట్టి, ఆఖరి రసీదును దేవుడి గదిలో పెట్టి దండం పెట్టుకున్న అప్పు అది. ఆయన పోయిన రెండేళ్ల తరువాత కూడా దేశం మొత్తం చూడగలిగే పట్టికలో ఆయన బాకీదారుగానే ఉన్నారు. ఎవరి మీదా కోపం కంటే ముందు నాకు బాధ కలిగింది.

రుణం తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, రిజిస్ట్రీలలోని చార్జీలను తొలగించాలని, ఆలస్యానికి తామే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. కాని అది 2023 డిసెంబరు 1 నుంచి పత్రాలు తిరిగి ఇవ్వవలసి వచ్చిన రుణాలకు సంబంధించినది. మా సంగతి అంతకు ముందరిది. మాకు ఆసరాగా ఉన్నది సర్ఫేసీ చట్టం 25వ సెక్షన్. రుణం తీరినట్లు బ్యాంకు తెలియజేయకపోతే అప్పు తీసుకున్నవారే రిజిస్ట్రీకి తెలియజేయవచ్చు. అప్పుడు రిజిస్ట్రీ బ్యాంకుకు 14 రోజులకు మించని గడువుతో నోటీసు పంపుతుంది. ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ, 2019 నాటి రసీదు నకలు, నివేదిక జతచేసి శాఖ మేనేజరుకు ఒక ఉత్తరం రాశాను. వారసురాలిగా అమ్మ చేత సంతకం చేయించాను.

మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండోసారి నేనే వెళ్లి ఉత్తరం అందినట్లు ముద్ర వేయించుకుని వచ్చాను. మూడు వారాలకు నివేదికలో ఆ తాకట్టు తీరినట్లు వచ్చింది. దాన్ని అచ్చు తీసి అమ్మకు ఇస్తే, ఇంగ్లీషు చదవలేని ఆవిడ నాన్న పేరున్న వరుస ఎక్కడో చూపించమని అడిగింది. ఆ వరుస మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండి, కాగితాన్ని మడిచి దేవుడి గదిలో ఆ పాత రసీదు పక్కనే పెట్టింది.